ఎక్కి చూడని కుర్చీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ల వయసు, కొత్తగా చేతికొచ్చిన బి.కాం. పట్టా, అడిగిందే తడవుగా సమాధానం చెప్పే ఫోను, ఈ మూడూ ఒక్క మనిషి దగ్గరే చేరితే ఇక ఆ మనిషితో ఎవరు మాత్రం వాదించగలరు? మా ఇంట్లో మిక్సీ దగ్గర్నుంచి మా చర్చి మైకుసెట్టు దాకా ఏది కొనాలన్నా నన్నే అడిగేవాళ్లు. అడగకపోతే నేనే వెళ్లి చెప్పేవాణ్ణి. (నేను చెప్పి కొనిపించిన మిక్సీ ఆర్నెల్లకే అటకెక్కింది. మైకుసెట్టు ఇప్పటికీ సరిగ్గా కీర్తన మధ్యలో ఈల వేస్తుంది. ఆ రెండు విషయాల్లోనూ తప్పు కొన్నవాళ్ల వాడకంలోనే ఉందని అప్పట్లో నా గట్టి నమ్మకం.) ఇప్పుడు నాకు ముప్పై అయిదు దాటాయి. నాకు తెలియనివి రోజుకొకటి చొప్పున బయటపడుతున్నాయి. వాటిలో మొట్టమొదటిది బయటపడిన వారం గురించి చెబుతాను. అది కుర్చీల వారం.

మా నాన్నకి పినతండ్రి కొడుకు ఒకాయనకి ఆగిరిపల్లి దాటాక పదెకరాల మామిడితోట ఉంది. ఆయనకి చక్కని బైబిలు పేరు ఉన్నా, అది చర్చి రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడదు. నూజివీడు చుట్టుపక్కల అందరికీ ఆయన తోట బాబాయే. ఏటా పూత చూసి తోటని వ్యాపారికి లీజుకిచ్చేసి, ఆ తర్వాత తన చెట్టు కింద తనే చుట్టంలా నిలబడటం ఆయనకి అలవాటు. ఆ ఏడు మాత్రం ఎవరో స్నేహితుడు విజయవాడ నుంచి వచ్చి, చెట్టునీడన ఓ గంట కూర్చుని, "ఇలాంటి చోటికి డబ్బులిచ్చి మరీ వస్తారండీ సిటీ జనం" అని ఒక మాట వదిలి వెళ్లాడు. ఆ మాట బాబాయి బుర్రలో నాటుకుంది. ఆ ఏడు లీజు మానేశాడు. నాలుగు గుడారాలు వేయించి, శని ఆదివారాల్లో కుటుంబాలు వచ్చి తోటలో ఉండి పోయేలా క్యాంపు పెడతానన్నాడు. దానికి మేనేజర్ని నేను.

"ఒరేయ్, ఈ శనివారం కాక పై శనివారం మొదటి బ్యాచ్. ఇరవై మంది. బాగుందని పోయారా, నువ్వు నా దగ్గరే ఉంటావు. మొహాలు ముడుచుకుని పోయారా, మీ మావయ్య కొరియర్ ఆఫీసు ఉండనే ఉంది" అన్నాడు బాబాయి. ఆయన కోపంగా అన్లేదు, ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అన్నాడు. ఆ కొరియర్ ఆఫీసులో నేను అంతకుముందే రెండు నెలలు చేసి వచ్చాను. కిటికీ లేని గది, పొద్దున్నించీ సాయంత్రం దాకా ట్యూబులైటు, టేపు చింపుతున్న చప్పుడు. తోట అలా కాదు. చిన్నప్పటి నుంచీ నా వేసవి సెలవులన్నీ ఆ చెట్ల కిందే గడిచాయి. ఏ చెట్టు చిన్నరసమో ఏది పెద్దరసమో మొదలు చూసి చెప్పగలను. నాకు ఆ ఉద్యోగం కావాలి. జీతానికంటే ఆ చోటు కోసం ఎక్కువ కావాలి. ఇంత కావాలనుకున్న మనిషి కాస్త బుద్ధిగా నలుగురినీ అడిగి పని చేస్తాడని మీరు అనుకోవచ్చు. నేను ఫోను తీశాను.

గుడారాలు బాబాయి చూసుకున్నాడు, వంట పిన్ని చూసుకుంటానంది. నాకు అప్పగించింది కుర్చీలూ బల్లలూ. "చవగ్గా ఉండాలి, అట్టే నాసిగా ఉండకూడదు" అన్నది ఒక్కటే షరతు. నేను రెండు రోజులు మంచం దిగకుండా ఫోనులో తోట కుర్చీలన్నీ చూశాను. చూసినకొద్దీ నాకు పాండిత్యం పెరిగింది. చివరికి ఒక రకం మీద మనసు పడింది. సన్నని అల్యూమినియం గొట్టాలు, మీగడరంగు గుడ్డ, గొడుగులా మడిచి సంచిలో దూర్చేయొచ్చు, చేతి దగ్గర మంచినీళ్ల గ్లాసు పెట్టుకోవడానికి ఒక జేబు. ఆ జేబు దగ్గర నేను పూర్తిగా పడిపోయాను. కింద కొన్నవాళ్ల అభిప్రాయాలు కూడా శ్రద్ధగా చదివాను. ఒకాయన మంచుకొండ మీద కూర్చుని స్వర్గంలా ఉందని రాశాడు. ఇంకొకావిడ సముద్రపు ఒడ్డున కూర్చుని లేవబుద్ధి కాలేదని రాసింది. మామిడిచెట్టు కింద కూర్చున్నవాళ్లు మాత్రం ఒక్కరూ రాయలేదు. ఆ సంగతి నాకు తట్టలేదు. ధర కూడా తక్కువగానే ఉంది కాబట్టి పన్నెండు తెప్పించాను, మిగతావి వీటి ముచ్చట చూశాక తెప్పిద్దామని.

కుర్చీలు దిగిన రోజు తోటలో కోత జరుగుతోంది. నేను కూలీలందర్నీ పిలిచి ప్రదర్శన పెట్టాను. సంచిలోంచి కట్టెలమోపు లాంటిది తీసి, ఒక్కసారి విదిలించి, కుర్చీ చేసి చూపించాను. "అబ్బో" అన్నారు అందరూ. మళ్లీ మడిచి చూపించాను. మళ్లీ "అబ్బో" అన్నారు. ఒక్కావిడ మాత్రం అనలేదు. ఆవిడే చిక్కం అత్త.

ఆవిడ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. చిక్కం అంటే పొడవాటి కర్ర చివర చిన్న వల కట్టి ఉంటుంది చూడండి, కాయ కోసేది, అది. మా వైపు చిక్కం మగవాళ్ల చేతిలో ఉంటుంది, ఆడవాళ్లు కాయలు ఏరి ట్రేల్లో సర్దుతారు. ఈవిడ మాత్రం పెళ్లై వచ్చిన రెండో ఏటే ఒక మగమనిషి చేతిలోంచి చిక్కం లాక్కుని, "నువ్వు కోసే కాయల కంటే నేలకేసి కొట్టేవి ఎక్కువున్నాయి, ఇటియ్యి" అన్నదట. అప్పటి నుంచీ అది ఆవిడ చేతిలోనే ఉంది. ముఠాకి ఆవిడే మేస్త్రి. ఆకుల మధ్య కనపడని కాయని కూడా కింద నుంచి చూసి, తొడిమ విరగకుండా, సొన కారకుండా, నిద్రపోతున్న పిల్లాణ్ణి ఎత్తినట్టు దించుతుంది. నాకు బొత్తిగా చుట్టరికం లేకపోయినా నాలుగేళ్లప్పటి నుంచీ ఆవిడ నాకు అత్త, నేను ఆవిడకి బాబుని.

అత్త నా కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి కాళ్లు చూసింది. గుడ్డ మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. తర్వాత తలెత్తి, పైన కొమ్మల్లోకి చూసింది. మళ్లీ కుర్చీకేసి చూసింది.

"దీని మీద ఎక్కితే ఏమవుద్ది బాబూ?" అంది.

"ఎక్కడమేంటత్తా? కుర్చీ కూర్చోడానికి" అన్నాను. నా గొంతులో ఆ రోజు ఎంత జాలి ఉందో తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అత్త నా మొహంలోకి చూసి, "ఊఁ" అని, చిన్నగా నవ్వి, చిక్కం భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

మాలో ఏ పని మొదలుపెట్టినా ముందు పాస్టరుగారి చేత ప్రార్థన చేయించడం ఆనవాయితీ. సోమవారం పొద్దున్నే పాస్టరుగారూ, ఆయన భార్య అమ్మగారూ, సంఘపెద్దలు ఓ అయిదారుగురు వచ్చారు. వాళ్లందర్నీ తోటలోకెల్లా అందమైన చిన్నరసం చెట్టు కింద, నా పన్నెండు కుర్చీలు గుండ్రంగా వేసి కూర్చోబెట్టాను. ఆ చెట్టు పాదుకి ముందు రోజు నీళ్లు పెట్టారన్న సంగతి నాకు తెలుసు. పచ్చగా బాగుంటుందనే అక్కడ వేయించాను. అందరూ గ్లాసుల జేబులు చూసి మెచ్చుకున్నారు. అమ్మగారు తన కళ్లజోడు అందులో పెట్టుకుని, "ఎంత బాగుందండీ" అన్నారు. బాబాయి నాకేసి చూసిన చూపులో మొదటిసారి గర్వం కనిపించింది. ఆ తర్వాత అందరం కళ్లు మూసుకున్నాం.

మా పాస్టరుగారి ప్రార్థన పద్ధతిగా ఉంటుంది. మొదట దేశనాయకులు, తర్వాత వర్షాలు, ఆ తర్వాత సంఘంలో ఒంట్లో బాగోని వాళ్లు ఒక్కొక్కరూ, చిట్టచివరికి ఆ రోజు వచ్చిన పని. మోకాళ్ల నొప్పి వల్ల ఆయన కూర్చునే చేస్తారు. వర్షాల దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు ఏదో కొత్త దిక్కు నుంచి వస్తున్నట్టు అనిపించి నేను ఒక కన్ను తెరిచాను. కుర్చీ వెనక కాళ్లు రెండూ తడిమట్టిలోకి మెల్లగా దిగుతున్నాయి. ఎప్పుడూ తల వంచి ప్రార్థించే పాస్టరుగారు అంగుళం అంగుళం వెనక్కి వాలుతూ, ఆకాశంకేసి ముఖం పెట్టి, అంతకంతకు మరింత భక్తిగా ప్రార్థిస్తున్నారు. ఆయనకి అందులో లోటేమీ కనిపించినట్టు లేదు. నేను కన్ను మూసుకుందామనుకుంటుండగా రెండో వింత చూశాను.

బాబాయి కూడా కళ్లు తెరిచే ఉన్నాడు. ఆయన చూపు పైన, నిలబడి చెయ్యి చాపినా ఓ మూర అందని కొమ్మ మీద ఉంది. అక్కడ ఒక చిన్నరసం చెట్టునే మాగి, ఎండపొడ పడి, పసుపుపచ్చగా మెరుస్తూ వేలాడుతోంది. మామిడిదేశంలో పుట్టని వాళ్లకి ఈ బాధ అర్థం కాదు. పదెకరాల తోట ఉన్నవాడికైనా, ఇంట్లో నాలుగు ట్రేల పళ్లు ముగ్గుతున్నవాడికైనా, చెట్టున పండిన కాయ కంటపడితే చెయ్యి ఆగదు. బాబాయి ఒకసారి చుట్టూ చూశాడు. అందరి కళ్లూ మూసుకునే ఉన్నాయి. పాస్టరుగారు ఇంకా ఒంట్లో బాగోని వాళ్ల దగ్గరే ఉన్నారు. ఇంకా చాలామంది ఉన్నారు ఆ జాబితాలో. బాబాయి నెమ్మదిగా చెప్పులు విడిచాడు. నెమ్మదిగా లేచి, కుర్చీ మీదికి ఎక్కాడు.

వద్దని అరుద్దామంటే ప్రార్థన. చెయ్యి ఊపుదామంటే ఆయన నాకేసి చూడటంలేదు. కాయ ఆయన చేతిలోకి రావడం, గుడ్డలోకి పాదాలు దిగబడటం, కుర్చీ నాలుగు పక్కల నుంచీ లేచి ఆయన మోకాళ్లని గొడుగులా చుట్టేసుకోవడం అన్నీ ఒక్క క్షణంలో జరిగాయి. (మడవడం ఎంత తేలికో నేను అంతమంది ముందు రెండుసార్లు చూపించాను కదా.) నిలువునా పడిపోవాల్సిన మనిషి పడలేదు. ఎందుకంటే అంతవరకూ దూరంగా, మర్యాదగా, కళ్లు మాత్రం బాగా తెరుచుకుని నిలబడి ఉన్న చిక్కం అత్త, చప్పుడు చెయ్యకుండా రెండంగల్లో వచ్చి చిక్కం కర్ర ఆయన ముందు నేలలో గుచ్చి పట్టుకుంది. బాబాయి ఒక చేత్తో కర్ర పట్టుకున్నాడు. రెండో చేతిలో కాయ. దాన్ని మాత్రం వదల్లేదు. విరిగిన తొడిమలోంచి సొన ధారగా కారి మీగడరంగు గుడ్డ మీద పడుతోంది. ముగ్గురం అలాగే బొమ్మల్లా నిలబడిపోయాం. పాస్టరుగారు ఒంట్లో బాగోని వాళ్లని పూర్తిచేసి, క్యాంపు దగ్గరికి వచ్చి, "ఈ నూతన పనిలో నీ దాసుణ్ణి స్థిరంగా నిలబెట్టుము తండ్రీ" అన్నారు.

"ఆమేన్" అని అందరూ కళ్లు తెరిచారు.

"ఏంటండీ ఇది, ఇందాక కూర్చునే ఉన్నారుగా!" అన్నారు అమ్మగారు.

"నన్ను కూడా కాస్త ఎవరైనా లేపండయ్యా" అన్నారు పాస్టరుగారు, ఆకాశంకేసి చూస్తూనే.

బాబాయిని కుర్చీలోంచి విడదీయడానికి ఇద్దరు సంఘపెద్దలు కావలసి వచ్చారు. ఆయన ఆ పండు పాస్టరుగారి చేతిలో పెట్టి, నీళ్లతో చేతులు కడుక్కుని, నన్ను పక్కకి పిలిచాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "శనివారానికి ఇంకా అయిదు రోజులుంది" అన్నాడు, అంతే. మధ్యాహ్నానికి సొన మరకలు గోధుమరంగులోకి, సాయంత్రానికి నలుపులోకి తిరిగాయి. సబ్బు, నిమ్మకాయ, పిన్ని చెప్పిన కిరసనాయిలు, అన్నీ అయ్యాయి. ఇంకో రెండు కుర్చీల గొట్టాలు అప్పటికే వంకరపోయాయి. నా చెవుల్లో టేపు చింపుతున్న చప్పుడు మొదలైంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను అత్త దగ్గరికి. ఆవిడ కాయల కుప్ప ముందు కూర్చుని దెబ్బతిన్నవి ఏరుతోంది.

"ముందే చెప్పొచ్చు కదత్తా?"

"అడిగాను కదా బాబూ. కుర్చీ కూర్చోడానికి అన్నావు."

"తప్పైపోయింది. నాకిప్పుడు ఏం కొనాలో చెప్పు."

అత్త చేతిలో కాయ పక్కన పెట్టింది. "నీకు ఈ పని కావాలా, మీ బాబాయిగారికి జవాబు చెప్పుకోడానికి అడుగుతున్నావా?" అంది. "ఇక్కడే ఉండిపోవాలని ఉందత్తా" అన్నాను. నిజం అంత సూటిగా నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. "అయితే లే" అని కొంగు దులుపుకుని లేచింది.

నేను దుకాణానికి తీసుకెళ్తుందనుకున్నాను. ఆవిడ తోటంతా తిప్పింది. అది కూడా ఒకసారి కాదు, పదింటికోసారి, ఒంటిగంటకోసారి, నాలుగింటికోసారి. ప్రతిసారీ నీడ ఎక్కడ పడిందో అక్కడ ఒక రాయి పెట్టించింది. "కుర్చీ తర్వాత. ముందు నీడ చూసుకో. నీడ ఒక్క చోట ఉండదు, నడుస్తా ఉంటది. దాంతోపాటు మనిషి కూడా నడవాలి. ఒక్క చేత్తో ఎత్తుకుని జరిగేదే తోటకి పనికొచ్చేది" అంది. నేను ఎంచిన అందమైన చెట్టుని చూపించి, "దీని మీద ఎర్రచీమల గూళ్లున్నాయి, చూశావా? ఆకులు కుట్టుకుని ఉంటాయి. నీ పాస్టరుగారి అదృష్టం, గాలి లేదు ఆ పూట, లేకపోతే మీద రాలేవి" అంది. చూశాను. ఏడు గూళ్లున్నాయి. చిన్నప్పటి నుంచీ ఆ చెట్టు నాకు తెలుసని మురిసిపోయాను కానీ ఏనాడూ దాని ఆకుల్లోకి సరిగ్గా చూడలేదన్నమాట.

మర్నాడు నా బండి మీద ఆగిరిపల్లిలో ఒక వడ్రంగి తాత దగ్గరికి తీసుకెళ్లింది. ఇప్పుడు కాయలన్నీ ప్లాస్టిక్ ట్రేల్లో పోతున్నాయి కానీ, ఒకప్పుడు మామిడిపళ్లకి మామిడిచెక్క పెట్టెలే కొట్టేవాళ్లు. ఆ మిగిలిపోయిన పలకలు తాత పెరట్లో గోడంత ఎత్తున పేర్చి ఉన్నాయి. అత్త వాటిని ఒక్కొక్కటీ వేళ్లతో కొట్టి, చప్పుడు విని, పుచ్చినవి పక్కన పడేసింది. "పైకి ఈ చెక్క చాలు. కాళ్లకి తుమ్మ వెయ్యి తాతా. మూడు కాళ్లు" అంది.

"మూడే ఎందుకత్తా?" అన్నాను. నాలుగు కాళ్లుంటేనే గట్టి అని నా చదువు.

"తోటలో నేల ఎక్కడన్నా సమంగా ఉందా? నాలుగు కాళ్ల దానికి నేల ఒప్పుకోవాలి బాబూ. మూడు కాళ్ల దానికి నేలతో పని లేదు, ఎలా వేసినా కూర్చుంటది."

ఎంత సులువైన మాట! రెండు రోజులు ఫోను చూసిన నాకు, ఇన్ని వేల మంది అభిప్రాయాలు చదివిన నాకు, ఈ మాట ఒక్క చోటా కనపడలేదు. తాత సాయంత్రానికి ఒక ముక్కాలిపీట చేసి ముందు పెట్టాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నేను కూర్చుని, "బాగుంది" అన్నాను. అత్త నన్ను లేపింది. చీరకొంగు నడుముకి దోపుకుని, పీట ఎక్కి నిలబడి, చేతులు రెండూ పైకెత్తి, లేని చిక్కంతో లేని కాయ కోసింది. పీట ఒరిగింది. ఆవిడ పిల్లిలా పక్కకి దూకి, "చూశావా" అన్నట్టు తాతకేసి తిరిగింది.

"పీట కూర్చోడానికే పిల్లా" అన్నాడు తాత.

"మామిడిచెట్టు కింద ఎవరు కూర్చుంటారు తాతా? కాయ కనపడేదాకే కూర్చునేది. కాళ్లు బయటికి చాపి కొట్టు. అడుగున టైరు ముక్కలు పెట్టి మేకులు కొట్టు, మట్టిలో దిగకుండా, చెమ్మ ఎక్కకుండా."

నాతో పాటు ఇంకో మనిషి కూడా ఆ మాటే అన్నాడని నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. తాత గొణుక్కుంటూనే కాళ్లు వాలుగా చాపి మళ్లీ కొట్టాడు. అత్త మళ్లీ ఎక్కింది. ఒక కొసన నిలబడింది, ఇంకో కొసన నిలబడింది, గెంతింది. పీట కదల్లేదు. నేను కూడా ఎక్కి చూశాను. ఎక్కి చూస్తే వస్తువు గురించి తెలిసేది వేరని ఆ రోజు నా పాదాలకి తెలిసింది. తాతా, ఆయన కొడుకులూ రాత్రింబవళ్లు కూర్చుని శుక్రవారానికి ఇరవై పీటలు తయారుచేశారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం, షామియానా సామాను అద్దెకిచ్చే ఒకాయన దగ్గర చేతులున్న పాత ప్లాస్టిక్ కుర్చీలు ఆరు అత్త ఎంచి తెచ్చింది. ప్రతిదాన్నీ తిరగేసి కాళ్ల మొదట్లో పగుళ్లు చూసింది, వాటిని మోటారు షెడ్డు ముందున్న గచ్చు మీదే వెయ్యాలంది. బల్లలకి మా ట్రేలు బోర్లించి పైన పలక పరిచాం. అంతా కలిపి నా మీగడరంగు ముచ్చట కన్నా చవగ్గా వచ్చింది. ఆ మాట బాబాయికి చెప్పేటప్పుడు నేను కొంచెం గొంతు తగ్గించాను.

శనివారం వాళ్లు వచ్చారు. ఇరవై మంది, మూడు కుటుంబాలు. పీటల మీద కూర్చుని, పిన్ని ఇచ్చిన మజ్జిగ తాగి, "ఎంత చల్లగా ఉందో" అనుకుంటూ ఉండగా వాళ్లలో ఒక చిన్నపిల్ల తలెత్తి పైకి చూసింది. ముందు ఆ పిల్ల ఎక్కింది. తర్వాత వాళ్ల నాన్న ఎక్కాడు. తర్వాత లెక్చరరుగా చేసి రిటైరైన పెద్దావిడ ఒకరు, గచ్చు మీద కుర్చీలోంచి లేచి మెల్లగా నడిచివచ్చి, ఒక చెయ్యి కొడుకు భుజం మీద వేసి, పీట ఎక్కి, కొమ్మకి వేలాడుతున్న రసాన్ని కొయ్యకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకుని కళ్లు మూసుకుని వాసన చూశారు. చాలాసేపు అలాగే నిలబడ్డారు. పీట రాయిలా నిలబడింది. సిటీ వాళ్లైనా, ఊరి వాళ్లైనా, మామిడిచెట్టు కింద మనుషులంతా ఒక్కటేనని అత్తకి ముందే తెలుసు.

దిగాక ఆ పెద్దావిడ బాబాయితో, "ఈ పీటలు ఎవరండీ సెలెక్ట్ చేసింది? ఎంత ఆలోచించి చేయించారు!" అన్నారు.

"మావాడేనండీ, మా మేనేజరు" అన్నాడు బాబాయి, నా వీపు తట్టి.

ఇక్కడ నేను నోరు తెరిచి నిజం చెప్పానని రాసుకోవాలని ఉంది. చెప్పలేదు. తల కాస్త వంచి, వినయంగా నవ్వాను. ఆ నవ్వు పూర్తికాకముందే వెనక నుంచి, తోట అవతలి గట్టు దాకా వినపడే గొంతుతో చిక్కం అత్త అంది: "అవునండి, బాబే చేయించాడు. ఎక్కి చూసింది మాత్రం నేను!"

అందరూ గొల్లున నవ్వారు. నేను కూడా నవ్వి, సిగ్గుపడి, సోమవారం నాటి ప్రార్థనతో సహా మొత్తం కథ వాళ్లకి చెప్పాను. బాబాయి కుర్చీలో ఇరుక్కున్న ఘట్టం దగ్గర బాబాయే అందుకుని, నటించి చూపించాడు. ఆ కుటుంబాలు మళ్లీ వారం తమవాళ్లని పంపించాయి. వాళ్లు ఇంకొకళ్లని పంపించారు. ఆ సాయంత్రం బాబాయి నాతో, "ఉండిపోరా. కానీ ఇకమీదట ఈ తోటలోకి ఏ వస్తువు రావాలన్నా ముందు అత్త ఎక్కాలి" అన్నాడు. ఆ రూలు ఇప్పటికీ ఉంది. నా పన్నెండు కుర్చీల గుడ్డ ఊడదీసి పిన్ని మిషను మీద కాయలు కోసేవాళ్లకి భుజానికి తగిలించుకునే సంచులు కుట్టింది. సొన మరకలకి అంతకన్నా తగిన చోటు లేదు. గ్లాసు జేబుల్లో ఒకటి అత్త తీసుకుని నడుముకి కట్టుకుని అందులో వక్కపొడి డబ్బా పెట్టుకుంది. నేను ఎంచిన వాటన్నిటిలోనూ ఏదైనా నిజంగా మనిషికి ఉపయోగపడిందంటే ఆ జేబే.

ఇప్పుడు నన్ను ఈ విషయంలో తెలిసినవాడి కింద లెక్కేస్తున్నారు. మొన్న జి. కొండూరు నుంచి ఒకాయన, చింతలపూడి నుంచి ఇంకొకాయన ఫోను చేసి, మేమూ తోటలో క్యాంపు పెడుతున్నాం, ఏం కొనమంటారని అడిగారు. ముందు నీడ చూసుకోండి, మూడు కాళ్లు చూసుకోండి, ఒక్క చేత్తో ఎత్తి చూడండి, ఎక్కి చూడండి అని వరసగా చెప్పాను. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారండీ అంటే మాత్రం వెంటనే చెప్పేస్తున్నాను, వెనక నుంచి ఎవరూ అరిచే అవసరం లేకుండా. అత్తకి ఇప్పుడు చూపు కొంచెం మందగించింది, చిక్కం కోడలికి ఇచ్చేసింది. పొద్దున్నే వచ్చి, ఆ మొదటి ఇరవై పీటల్లో ఇంకా మిగిలిన వాటిలో ఒకదాని మీద కూర్చుని కాయలు ఏరుతుంది. వేళ్లతో తాకి ఏది ఎన్నాళ్లకి పండుతుందో చెబుతుంది.

పోయిన నెల విజయవాడలో ఒక పెద్ద షోరూముకి వెళ్లాను, తోటకి కొన్ని కొత్త కుర్చీలు చూద్దామని. ఏసీ చల్లగా ఉంది. అక్కడ పనిచేసే అమ్మాయి, ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి, చేతిలో ట్యాబు పట్టుకుని ఒక్కో కుర్చీ గురించి గడగడా చెబుతోంది. బరువెంత, గుడ్డ ఏంటి, ఎంతమందికి నచ్చింది, అన్నీ తెలుసు ఆ పిల్లకి. నేను అంతా విని, చెప్పులు విడిచి, ఆ కుర్చీ మీదికి ఎక్కి నిలబడ్డాను. నా పొట్టకి అది ఒకప్పటంత తేలికైన పని కాదు. చుట్టూ ఉన్నవాళ్లు ఆగి చూశారు.

"సార్, సార్! కుర్చీ కూర్చోడానికండీ" అంది ఆ అమ్మాయి. గొంతులో ఎంత జాలి!

నేను పైకి చూశాను. అలవాటు కొద్దీ చెయ్యి కూడా కాస్త లేచింది. పైన ట్యూబులైట్లు తప్ప ఏమీ లేవు. నెమ్మదిగా దిగి, చెప్పులు వేసుకుని, ఆ అమ్మాయి మొహంలోకి చూసి, "ఊఁ" అన్నాను. అత్తలా నవ్వుదామని ప్రయత్నించాను. వచ్చింది మాత్రం నా నవ్వే.